పెరికిన ఆర్కిడ్ కొనకండి

ఇళ్లు కట్టే కూలి పనికి తెలంగాణ నుంచి ముంబై వచ్చిన కామాఠీల పేట మాది. ఈ చాల్ వరండాలో ఆర్కిడ్ పెంచుతానంటే నవ్వుతారు. నవ్వనివ్వండి, ముంబై ముసురు దానికి పండగే. నా తగవల్లా అడవి చెట్ల మీంచి పెరికి అమ్మే వాండా ఆర్కిడ్లతోనే.

పెరకనక్కర్లేదు, గింజ నుంచే పెంచొచ్చు. ఆర్కిడ్ ఒక్క కాయలో ధూళిలాంటి గింజలు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. వాటిలో తిండి నిల్వ ఉండదు. అడవిలో శిలీంధ్రం అందిస్తేనే మొలక. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగర్ మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించాడు. కుక్కర్ ఆవిరి పట్టిన జామ్ సీసాలో మనమూ ప్రయత్నించొచ్చు. గింజ చల్లేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, పక్కింటి వదిన కబుర్లూ ఆపాలి, లేదంటే బూజే.

పువ్వుకు ఏళ్లు పడుతుంది. చాల్ రీడెవలప్‌మెంట్ కోసం ఎదురుచూసే వాళ్లకి అదో లెక్కా? అంత ఓపిక లేకపోతే, సీసాలో పుట్టిన మొక్కేనా అని నర్సరీవాణ్ని నిలదీసి కొనండి.