మరియ పాట, ఆడపిల్లల గొంతు

లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఒక పాట ఉంది. నజరేతు అనే చిన్న ఊళ్లో పెళ్లి నిశ్చయమైన ఒక ఆడపిల్ల, కొండసీమలో ఉన్న తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లి పాడిన పాట అది. గద్దెల మీద కూర్చున్నవాళ్లను దేవుడు దించేస్తాడని, పస్తులున్నవాళ్ల కడుపు నింపుతాడని ఆ పిల్ల ధైర్యంగా పాడుతుంది. 1549లో ఇంగ్లండు చర్చి తన ప్రార్థన పుస్తకాన్ని జనం భాషలోకి తెచ్చుకున్నప్పుడు, సాయంకాల ఆరాధనలో ఈ మరియ కీర్తనకు చోటు ఖాయం చేసింది. అప్పటినుంచి, నడుమ అంతర్యుద్ధపు రోజుల్లో క్వయర్లు మూతపడ్డ కాలం తప్ప, అక్కడి కేథడ్రళ్లలో సాయంకాలాలు ఈ పాటతోనే గడుస్తున్నాయి.

పాడింది మాత్రం మగపిల్లలు, మగవాళ్లు. ఒక ఆడపిల్ల పాటను నాలుగు శతాబ్దాలు ఆడపిల్లలు తప్ప అందరూ పాడారు. భక్తులు కూర్చునే బల్లల మీద ఆమె కూర్చోవచ్చు, వినవచ్చు, కన్నీళ్లు పెట్టుకోవచ్చు. తెల్లటి అంగీ తొడుక్కుని క్వయర్ వరుసలో నిలబడే వీలు మాత్రం లేదు. ఊళ్లలోని చిన్న చర్చిల్లో పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. కేథడ్రల్ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఆ తలుపు గట్టిగా కదిలింది 1991లో, సాలిస్‌బరీలో. ఇంగ్లండులో అన్నిటికంటే ఎత్తైన చర్చి శిఖరం ఉన్న కేథడ్రల్ అది, 123 మీటర్లు. క్వయర్ పిల్లల కోసం అక్కడ బడి మొదలైంది 1091లో అని చెబుతారు. అంటే సరిగ్గా తొమ్మిది వందల ఏళ్లకు, సంగీత నిర్దేశకుడు రిచర్డ్ సీల్ చొరవతో ఆడపిల్లల క్వయర్ ఏర్పడింది. ఆ ఏడాది అక్టోబరులో వాళ్లు తొలి ఆరాధన పాడారు. ఆడపిల్లలు కేథడ్రల్లో పాడటం బ్రిటన్‌లో అదే మొదలు కాదు. ఎడిన్‌బరోలోని సెయింట్ మేరీస్ కేథడ్రల్ 1978లోనే వాళ్లను మగపిల్లల పక్కన నిలబెట్టింది. అయితే ఆడపిల్లలకే ఒక క్వయర్ పెట్టి, మగపిల్లలకిచ్చే శిక్షణే ఇచ్చి, వారం పొడుగునా జరిగే ఆరాధనల్లో వంతు కేటాయించిన తొలి ఇంగ్లిషు కేథడ్రల్ సాలిస్‌బరీయే. అప్పటికి ఇంగ్లండు చర్చిలో ఆడవాళ్లకు గురుత్వం కూడా రాలేదు. తొలి స్త్రీ గురువుల అభిషేకం జరిగింది 1994లో. గురుత్వం కన్నా మూడేళ్లు ముందే పాట దారి ఇచ్చిందన్నమాట.

గొడవ తక్కువేం జరగలేదు. సంప్రదాయ క్వయర్లను కాపాడుకోవాలంటూ ఉద్యమమే లేచింది. వాళ్ల వాదనల్లో అన్నిటికంటే బలంగా కనిపించింది గొంతు గురించినది. మగపిల్లవాడి గొంతులో ఒక స్వచ్ఛత ఉంటుందని, కొన్నేళ్లే ఉండి పోతుంది కాబట్టే దానికంత అందమని, ఆడపిల్ల గొంతులో గాలి ఎక్కువ, పదును తక్కువ అని అన్నారు. ఈ మాటను పరిశోధకులు పరీక్షకు పెట్టారు. వెల్స్ కేథడ్రల్లో 1994లో ఆడపిల్లల క్వయర్ వచ్చాక, అక్కడి రెండు క్వయర్ల పాటలనూ రికార్డు చేసి, పాడేది ఎవరో చెప్పకుండా డేవిడ్ హొవార్డ్, గ్రాహం వెల్చ్ బృందం శ్రోతలకు వినిపించింది. తప్పు చెప్పినవాళ్లు తక్కువేమీ కాదు. ఏ పాట, ఎవరు నేర్పారు, ఏ రాతి కప్పు కింద పాడారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. పిల్లల గొంతుల్లో తేడా బొత్తిగా లేదని మేము అనడం లేదు. ఆ తేడా తలుపు మూయదగ్గంతది కాదంటున్నాం.

అసలు నష్టం గొంతు దగ్గర జరగలేదు, చదువు దగ్గర జరిగింది. యూరప్‌లో చర్చి క్వయర్ అంటే ఆరాధనకు పాటలు పాడే పిల్లల గుంపు మాత్రమే కాదు, పేదింటి పిల్లవాడికి ఉచితంగా దొరికిన సంగీత విశ్వవిద్యాలయం. లండన్ రాజాస్థాన ప్రార్థనాలయంలో పాడిన పిల్లవాడే హెన్రీ పర్సెల్ అయ్యాడు. బండి చక్రాలు చేసుకునే వడ్రంగి కొడుకు హైడన్‌ను ఎనిమిదేళ్ల వయసులో వియన్నా సెయింట్ స్టీఫెన్స్ క్వయర్‌కు తీసుకుపోయారు. బడిపంతులు కొడుకు షూబర్ట్ 1808లో వియన్నా రాజాస్థాన క్వయర్‌లో చేరాడు. ఈ ముగ్గురికీ అక్కచెల్లెళ్లు ఉండి, వాళ్లకూ అంతే గొంతు ఉన్నా, ఆ మెట్లు ఎక్కే వీలు వాళ్లకు లేదు. స్త్రీలలో గొప్ప స్వరకర్తలు ఎందుకు పుట్టలేదని అడిగేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి.

లోపల ఏం నేర్పుతారో కాస్త దగ్గరగా చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ఏడెనిమిదేళ్ల వయసులో గొంతు పరీక్ష ఉంటుంది. ఒక పాట పాడించి, పియానో మీద మూడు మెట్లు కలిపి నొక్కి నడిమిది పాడమంటారు. చెవి ఎంత చురుకో అక్కడే తేలిపోతుంది. నెగ్గిన పిల్ల కొన్నాళ్లు శిక్షణలో ఉండి, ఆ తర్వాతే తెల్ల అంగీ అందుకుంటుంది. పొద్దున్నే బడి గంట కొట్టకముందు అభ్యాసం, సాయంత్రం బడి వదిలాక మళ్లీ అభ్యాసం, ఆపైన ఆరాధన. పక్కన ఏడాదో రెండేళ్లో పెద్దదైన అమ్మాయి నిలబడి, పేజీ మీద వేలు పెట్టి చూపిస్తూ ఉంటుంది. ముక్కాలు వంతు విద్య ఆ పక్కనున్న అక్క దగ్గరే వస్తుంది.

అన్నిటికంటే కష్టం దావీదు కీర్తనలు పాడటం. పాత ప్రార్థన పుస్తకం ప్రకారం 150 కీర్తనలను 30 రోజులకు పంచి, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని పాడతారు. ఇప్పుడు చాలాచోట్ల కుదించారు గానీ చట్రం అదే. పదిహేనో తేదీ సాయంత్రం వచ్చిందంటే 78వ కీర్తన. డెబ్భై దాటిన వచనాలు, ఐగుప్తు తెగుళ్ల నుంచి మన్నా దాకా మొత్తం కథ. వీటికి మన కీర్తనల్లాగా ప్రతి అక్షరానికీ ఒక స్వరం ఉండదు. పంక్తిలో చాలా మాటలు ఒకే స్వరం మీద మామూలు మాట వేగంతో నడుస్తాయి. పుస్తకంలో గుర్తు పెట్టిన అక్షరం దగ్గర మాత్రం స్వరం మారుతుంది. పదహారు మంది పిల్లలు ఒక్క నోటితో మాట్లాడినట్టు ఆ గుర్తు దగ్గర కలవాలి. ఒక్కరు అర క్షణం ముందు తిరిగినా కేథడ్రల్ కప్పు దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది. అందుకే ప్రతి పిల్ల దగ్గరా పెన్సిలుంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాటను ఒత్తకూడదో గీసుకుంటుంది. క్వయర్ ఎదురెదురుగా రెండు పక్షాలుగా నిలబడి వచనం మార్చి వచనం అందుకోవడం చూస్తే మన భజన గోష్ఠి గుర్తొస్తుంది.

తొమ్మిదేళ్ల పిల్ల ఏడాది తిరిగేసరికి లాటిన్ పలుకుతుంది, కొత్త కాగితం చేతికిస్తే చూసి పాడుతుంది, పదహారో శతాబ్దపు పాటకూ నిన్న రాసిన పాటకూ తేడా తెలుసుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మగపిల్లల గొంతు ఇప్పుడు వెనకటికన్నా ముందే మారుతోంది. ఆడపిల్ల గొంతు కూడా మారుతుంది కానీ అంత హఠాత్తుగా విరగదు. ఈలీ కేథడ్రల్లో 2006 నుంచి పాడుతున్న ఆడపిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లు. అర్థం తెలిసి, ఊపిరి నిలిచి, ఆలోచించి పాడే వయసది.

శిక్షణ దొరికితే ఏమవుతుందో మూడు వందల ఏళ్ల కిందటే వెనిస్ చూపించింది. అక్కడ నాలుగు ధర్మాశ్రమాలు అనాథలైన ఆడపిల్లలకు సంగీతం నేర్పేవి. వాటిలో పియెతాకు 1703లో వయొలిన్ గురువుగా వెళ్లినవాడే వివాల్ది. గాత్రం, వయొలిన్, ఆర్గాన్ అన్నీ ఆడపిల్లలే. ఆ సంగీతం వినడానికి యూరప్ నలుమూలల నుంచి జనం వెళ్లారు. అయితే పాడేది ఇనుప జాలీ వెనక నిలబడి. ముఖం కనిపించకూడదు. ఇంటిపేరు లేదు, వాయించే వాద్యమే ఇంటిపేరు. పెళ్లి చేసుకుని బయటికి వెళ్తే ఇక సభల్లో పాడనని మాట ఇవ్వాలి. అంత కట్టడిలోనూ మెండికాంతి అనే ఆశ్రమంలో చదువుకున్న మద్దలేనా లొంబార్దినీ సిర్మెన్ బయటికొచ్చి, పారిస్‌లో, లండన్‌లో తన వయొలిన్ కృతులు తనే రాసుకుని వాయించింది. ఆమె గురువు తార్తీని 1760లో ఆమెకు రాసిన పాఠాల ఉత్తరాన్ని ఇవాళ్టికీ వయొలిన్ విద్యార్థులు చదువుతారు. చదువు ఇచ్చినందుకు వెనిస్‌ను మెచ్చుకుందాం. జాలీ కట్టినందుకు మాత్రం మెచ్చుకోలేం.

సాలిస్‌బరీ తర్వాత ఒక్కొక్కటిగా దారి పట్టాయి. కాంటర్‌బరీ 2014లో, లండన్ సెయింట్ పాల్స్ 2024లో ఆడపిల్లలను చేర్చుకున్నాయి. 2019 నాటికి ఇంగ్లండు కేథడ్రళ్లలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలతో దాదాపు సమానమైంది. మగపిల్లలు పారిపోతారన్న భయం నిజం కాలేదు. అంతా తేలిపోయిందనీ కాదు. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ క్వయర్ ఇంకా మగపిల్లలదే. బెర్లిన్‌లో 1465 నాటి క్వయర్‌లో చేరనివ్వమని ఒక తొమ్మిదేళ్ల పాప తరఫున కోర్టుకెళ్తే, 2019లో కోర్టు కళాస్వేచ్ఛ క్వయర్‌దేనని తేల్చింది. ఒక రకమైన ధ్వనిని కోరుకునే స్వేచ్ఛ కళాకారుడికి ఉండాలి, ఒప్పుకుంటాం. కానీ ప్రజల డబ్బుతో నడిచే బడిలో ఆ స్వేచ్ఛకు ఖరీదు పిల్లలతో కట్టించకూడదని మా అభిప్రాయం. ఆడపిల్లలకు సమానమైన శిక్షణ ఇచ్చే మరో క్వయర్ పక్కన ఉంటే అప్పుడు మాట వేరు.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. తెలుగు సంఘాల్లో ఆడపిల్లలు క్వయర్‌లో ఉండటానికి ఎవరితోనూ పోట్లాడవలసిన అవసరం రాలేదు. మిషను బోర్డింగు బడుల రోజుల నుంచీ ఆడపిల్లల పాట లేని ఆదివారం లేదు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి స్త్రీ బిషప్ కూడా 2013లో మన నంద్యాల నుంచే వచ్చారు, పుష్పలలిత గారు. ఏ ఊరి చర్చికైనా డిసెంబరు నెలలో శనివారం సాయంత్రం వెళ్లి చూడండి. క్వయర్ ప్రాక్టీసులో ముందు వరుసలన్నీ అమ్మాయిలవే. చాలామంది పాట కాగితం లేకుండానే మూడు చరణాలూ పాడేస్తారు.

అయితే కీబోర్డు దగ్గర ఎవరున్నారు? తబలా దగ్గర, ప్యాడ్ దగ్గర, మిక్సర్ దగ్గర? శృతి ఎంత, ఏ చరణం వదిలేయాలి అని తేల్చేది ఎవరు? దాదాపు ప్రతిచోటా జవాబు ఒకటే. తలుపు తెరిచే ఉంది, లోపల బడి మాత్రం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి చూడండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలుకొని మన కీర్తనకారులు రాసిన పాటలకు తల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చై ఉంటాయి. ఆ పేర్లు అక్కడ ఎందుకున్నాయో, ఆ రాగానికి ఆరోహణ ఏమిటో క్వయర్‌లో పాడే అమ్మాయికి చెప్పేవాళ్లు ఎందరు? ఆమె చెవితో పట్టుకుని పాడుతుంది, పెళ్లయి వెళ్లిపోతుంది. ఆమె చోటులోకి ఇంకో అమ్మాయి వచ్చి, మళ్లీ మొదటినుంచి చెవితోనే పట్టుకుంటుంది. కర్ణాటక రాగాల్లో ఇంత భక్తి సాహిత్యం ఉన్న సంఘం నుంచి స్వరకర్తలైన స్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపిస్తున్నారంటే కారణం గొంతులో లేదు.

సంఘ పెద్దలకు, పాస్టరమ్మలకు, అయ్యగార్లకు మా విన్నపం ఇది. ఈసారి కమిటీలో కొత్త స్పీకర్ల ఖర్చు రాసేటప్పుడు, దాని కిందే ఒక సంగీతం టీచరు జీతం కూడా రాయండి. వారానికి రెండు రోజులు చాలు. సరళీ స్వరాలు నేర్పండి, స్టాఫ్ నొటేషనూ నేర్పండి, పిల్లకు ఏది అందితే అది. కీబోర్డు దగ్గర ఒక స్టూలు అమ్మాయి కోసం ఉంచండి. క్రిస్మస్‌కు క్వయర్ పాడే పాటల్లో ఒక్కటైనా ఆ క్వయర్‌లోని అమ్మాయే కట్టిన బాణీ కావాలని అడగండి. అలాంటి పాట మీ సంఘంలో పుడితే, స్వరంతో సహా రాసి మాకు పంపండి. ఆమె పేరుతో ఈ పత్రికలో అచ్చు వేస్తాం.