గోడమీది పెట్టెకు మాసిక వేయువారెవరు?

చినిగిన వస్త్రమునకు మాసిక వేయుట మన గృహములలో ఎల్లరకు ఎరుకయైన పనియే. కాలువకట్టకు గండి పడినచో పలుగు పార గొని పరుగెత్తుట, సాగరు కుడికాలువ నీటితో సేద్యము చేయు మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. కాని కంటికి కనబడని చినుగు నేడు ప్రతి కార్యాలయమునను, ప్రతి పాఠశాలలోను, పత్తిమిల్లుల లెక్కల గదులలోను ఉండవచ్చును. బయటి ఇంటర్నెట్టును లోపలి కంప్యూటర్లను కలుపుచు గోడకు వ్రేలాడు రౌటరు, మోడెము, ఫైర్‌వాల్ అను పెట్టెలలోని లోపములను గూర్చియే మేము చెప్పుచున్నాము.

ఆ పెట్టె వట్టి తీగల కూడలి కాదు. అదియు నొక చిన్న కంప్యూటరే. దానిని నడపు ఆదేశములు మనుష్యులు వ్రాసినవి గావున అందు తప్పులుండును. తప్పు బయటపడినపుడు పెట్టెను తయారుచేసిన సంస్థ సవరణ నొకదానిని ప్రకటించును. దానినే ప్యాచి యందురు. మన భాషలో మాసికయే. ఇందొక చిక్కు గలదు. మాసికను ప్రకటించుట యనగా చినుగు ఎచ్చట నున్నదో లోకమునకు చాటుటయే. క్రొత్త ఆదేశములను పాతవానితో పోల్చి లోపమును కనుగొనుట నేర్పరియైన దొంగకు పెద్ద పని కాదు. కావున మాసిక వెలువడిన దినము మొదలు అది వేయబడు దినము వరకు గల కాలము మిక్కిలి అపాయకరమైనది.

2017 మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను పురుగు 150 దేశములలో వ్యాపించి, కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వేసి, దానిని తీయుటకు 300 డాలర్లు కోరెను. మన రాష్ట్ర పోలీసుశాఖలో 18 యూనిట్ల కంప్యూటర్లు దాని పాలైనవని అప్పుడు వార్తలు వెలువడినవి. ఆ జిల్లాలలో గుంటూరు ఒకటి; 2022లో పల్నాడు జిల్లా ఏర్పడువరకు మన సత్తెనపల్లి అందులోనిదే గదా! ఆ పురుగు దూరిన కన్నమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే మాసికను ప్రకటించియుండెను. నడుమ 59 దినములు గడచినవి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవను సామెత ఇచట తిరుగబడినది. కుక్క ముందుగనే మొరిగినది, ఇంటివారు లేవలేదు.

అది కంప్యూటర్ల కథ. కంప్యూటరు తెరమీద సవరణ వచ్చినదని పదేపదే గుర్తుచేసి విసిగించును. గోడమీది పెట్టెకు తెర లేదు, నోరు లేదు. దీపములు మినుకుమినుకు మనుచున్నంత కాలము అది ఆరోగ్యముగనే యున్నదని తలచెదము. ఆ 2017 జూలైలోనే బి.ఎస్.ఎన్.ఎల్. చందాదారుల ఇండ్లలో వేలకొలది మోడెములు పురుగు సోకి నిలిచిపోయినవి. పెట్టెతో వచ్చిన ‘అడ్మిన్’ అను పాస్‌వర్డును మార్చకుండుటయే అందులకు ద్వారమైనది. మరుసటి యేట 54 దేశములలో ఐదు లక్షల పెట్టెలలో ‘వి.పి.ఎన్. ఫిల్టరు’ అను మరియొక పురుగు కాపురమున్నట్లు తేలెను.

ఇక మా ముఖ్య ఫిర్యాదునకు వత్తుము. ఈ పెట్టె ఎవరిది? కేబులువానిని అడిగిన కంపెనీ ననును. కంపెనీ నడిగిన కొన్నవారిదే బాధ్యత యనును. కొన్నవారు కంప్యూటరు ఉపాధ్యాయుని చూపుదురు. ఆ ఉపాధ్యాయుడా, పంకా తిరుగకున్నను, ఫోను మ్రోగకున్నను తానే బాధ్యుడై తిరుగుచుండును! ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని పెద్దలు ఊరక అనలేదు. పిల్లల ఆధారు సంఖ్యలు, తలిదండ్రుల ఫోను నంబర్లు, మార్కుల పట్టికలు ఆ పెట్టె గుండ నడచుచున్నవి. మిరప వర్తకుని ఖాతాయు, కూలివాని వేలిముద్రపై చెల్లింపును అట్టి పెట్టెల గుండనే సాగును. ప్రతి సంస్థయు ఒక పుస్తకమున పెట్టె పేరు, దానిని చూచువారి పేరు, కడపట మాసిక వేసిన తేదీ వ్రాసి యుంచవలెనని మా అభిప్రాయము. ఆ పనికి వేళయు వేతనమును కేటాయింపవలెను. ‘తెలిసిన కుర్రవాడు’ చూచునని వదలరాదు. భారత ప్రభుత్వమువారి సెర్ట్-ఇన్ సంస్థ ఇట్టి లోపములను గూర్చి హెచ్చరికలు ప్రకటించుచునే యున్నది. వానిని చదువువా డొక్కడు కావలెను.

మాసిక వేయబోయి ఉన్న బట్ట చింపుకొందుమేమో యను భయము కలదు; అది నిరాధారము కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దోషయుక్తమైన సవరణచే 85 లక్షల కంప్యూటర్లు కూలిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత చీటీ లిచ్చిరి. అయినను దీనివలన మాసికయే వలదని తేలదు. అమరికల నకలు దాచి, వీలున్నచో ముందొక పెట్టెపై పరీక్షించి, సెలవుదినమున పని చేయవలెనని మాత్రమే తేలును.

మాసిక వేసి చేతులు కడుగుకొనుటయు చాలదు. 2023 అక్టోబరులో సిట్రిక్స్ వారి నెట్‌స్కేలర్ పెట్టెలలో నొక లోపము బయల్పడినది. దాని గుండ దొంగలు, అప్పటికే లోపలికి అనుమతి పొందినవారి గుర్తింపును అపహరించిరి. మాసిక వేసిన పిమ్మటను ఆ దొంగ గుర్తింపు చెల్లుచునే యుండెను. పాత అనుమతుల నన్నింటిని రద్దుచేసినగాని ద్వారము మూతపడలేదు. బోయింగు వంటి సంస్థయే ఈ లోపముచే చిక్కులపాలయ్యెను.

పెట్టె కొనునపుడు ధరను, వేగమును అడుగుదుము. ఎన్ని యేండ్లు మాసికలు ఇత్తురని అడుగము. ఇంగ్లండులో 2024 ఏప్రిల్ 29 నుండి అమలైన చట్టము ప్రకారము, ఇండ్లలో వాడు ఇట్టి వస్తువుల తయారీదారులు ఆ కాలపరిమితిని ప్రకటించి తీరవలెను. సులభముగ ఊహింపదగు ఉమ్మడి పాస్‌వర్డుతో వానిని అమ్మరాదు. మన దుకాణములలోను బేరమునకు ముందు ఆ ప్రశ్నయే వేయవలెను. గడువు తీరిన పెట్టె పనిచేయుచున్నను మార్చవలసినదే. ఇది పొదుపరులకు రుచింపదని యెరుగుదుము. తీసివేసిన పెట్టెను పాతసామానులవానికి వేయుటకు ముందు, దాని వెనుకనుండు చిన్న రంధ్రములోని మీటను సూదితో కొన్ని క్షణములు నొక్కి పట్టి, లోపలి పాస్‌వర్డులను తుడిచివేయుడు.