పుట్టింటికొచ్చిన బంతి

సీమంతమయ్యాక మా అక్క కూతురు తొలికాన్పుకు హైదరాబాదు నుంచి తెనాలి వచ్చింది. కారు డిక్కీలోంచి రెండు సూట్‌కేసులు, దిండ్ల మూట, ఆఖరున ఒక అట్టపెట్టె దిగాయి. పెట్టెలో మడతపెట్టిన ఊదారంగు ముద్ద, కాలితో తొక్కే పంపు ఉన్నాయి. అల్లుడు పంపు తొక్కుతూ పోతే ఆ ముద్ద ఉబ్బి ఉబ్బి మోకాలెత్తు దాటి బంతయింది. పక్కింటి పిల్లలు గుమ్మంలో మూగారు. వత్తులు చేసుకుంటున్న మా అమ్మ చెయ్యి ఆపి, "ఇదెవరికే?" అంది.

"నాకే అమ్మమ్మా, కూర్చోడానికి."

"నెలలు నిండుతున్న మనిషివి, బంతెక్కి ఊగుతావా? అంతగా కావాలంటే రోట్లో రెండు వాయిల పిండి రుబ్బు."

"రోలు మీద తులసికోట కట్టేశారుగా!"

అమ్మ నవ్వింది గానీ భయం పోలేదు. పోవలసినంత చిన్న భయమూ కాదది. కడుపుతో ఉన్నప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, కాలు తడబడటం ఎంతసేపు? అందుకే బంతిని గోడవార పెట్టారు, కింద జారని చాప పరిచారు. సాక్సు లేకుండా వట్టి పాదాలతోనే కూర్చోవాలి. మొదటి నాలుగు రోజులూ వెనక ఒక మనిషి ఉండాలని అమ్మే రూలు పెట్టి, ఆ మనిషి తానే అయింది.

బంతి ఎంపికలోనూ కొంత లెక్క ఉంది. అయిదడుగుల మూడంగుళాల లోపు వారికి సాధారణంగా 55 సెంటీమీటర్లది, అంతకన్నా పొడుగువారికి 65 సెంటీమీటర్లది సరిపోతుంది. అంకెలకన్నా నమ్మకమైన పరీక్ష కూర్చుని చూడటమే. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్ళకంటే కాస్త ఎత్తులో ఉండాలి. పొరపాటున చిల్లు పడినా పేలిపోకుండా మెల్లగా గాలి దిగే రకం కొనుక్కోవాలి. పెట్టె మీద ఎంత బరువు మోస్తుందో రాసి ఉంటుంది, అదీ చూడాలి. ఇక మాయ కిందికి ఉన్నవారు, రక్తం కనబడినవారు, నెలలు నిండకుండానే నొప్పులొచ్చే సూచనలున్నవారు డాక్టరు సరేననందే దాని జోలికి పోకూడదు.

ఈ బంతి అసలు తల్లుల కోసం పుట్టిందే కాదు. 1963లో అక్విలీనో కోసాని అనే ఇటలీ ప్లాస్టిక్ సామాన్ల తయారీదారు దీన్ని చేశాడు. స్విట్జర్లాండులో పనిచేస్తున్న మేరీ క్వింటన్ అనే ఇంగ్లీషు ఫిజియోథెరపిస్టు పసిపిల్లల చికిత్సకు వాడింది. అక్కడ చూసి వెళ్ళిన అమెరికా వాళ్ళు 'స్విస్ బాల్' అన్నారు. ఇటలీలో పుట్టి స్విట్జర్లాండు ఇంటిపేరు పెట్టుకుందన్నమాట. బిడ్డల దగ్గర మొదలై తల్లుల పురిటి గదికి చేరింది.

అది చేసే పనిలో మాయాజాలమేమీ లేదు. కుర్చీలో కూర్చుంటే నడుం వెనక్కి వాలి బిగుసుకుంటుంది. బంతి మీద అలా కుదరదు, మనిషి నిటారుగా ఉండి సర్దుకుంటూనే ఉండాలి. కటి ఎముకలు అటూ ఇటూ కదలడానికి వీలుంటుంది, కింద మెత్తగా ఉంటుంది. నడుమును సున్నా చుట్టినట్టు, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతుంటే ఏడెనిమిది నెలల నడుంనొప్పి కాస్త సడలుతుంది. నొప్పులు మొదలయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని బంతిని కౌగిలించుకుని ముందుకు వాలితే వీపు మీద భారం తగ్గుతుంది, వెనకనున్నవారికి నడుము నొక్కడానికి చోటూ దొరుకుతుంది. వెన్నులో మత్తు ఇంజెక్షను తీసుకుని పడుకున్నవారికైతే వేరుశనక్కాయ ఆకారంలో, నడిమి సన్నంగా ఉండే ఇంకో రకం ఉంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు దాన్ని మోకాళ్ళ మధ్య పెడతారు.

నొప్పి కొంత తగ్గుతుందని చెప్పే పరిశోధనలున్నాయి. బంతి ఉంటే సిజేరియన్ తప్పుతుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు, అలా చెప్పి అమ్మేవారిని నమ్మనక్కర్లేదు. కానీ బంతి ఒక్కదాన్నీ పక్కనబెట్టి, నొప్పుల వేళ లేచి తిరగడం, నిటారుగా ఉండటం అనే పెద్ద సంగతిని చూస్తే సాక్ష్యం బలపడుతుంది. 25 అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి కొక్రేన్ సమీక్షలో, పడుకుని ఉన్నవారికంటే నిటారుగా ఉన్నవారికి కాన్పు తొలిదశ సుమారు గంటా ఇరవై రెండు నిమిషాలు తగ్గింది. పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటున్న మనిషికి గంటన్నర దగ్గర దగ్గర అంటే ఎంతో ఆ మనిషినే అడగాలి.

మరి పడుకోబెట్టే అలవాటు ఎక్కడిది? 1668లో ఫ్రాన్సు వైద్యుడు ఫ్రాన్స్వా మోరిసో తన ప్రసూతి గ్రంథంలో మంచం మీద కాన్పును సిఫారసు చేశాడు. వైద్యుడి చేతికి వీలుగా ఉండే ఆ పద్ధతే ఆసుపత్రుల్లో స్థిరపడింది. మా అమ్మ చిన్నతనంలో నొప్పులొచ్చిన మనిషిని మంత్రసాని ఇంట్లోనే అటూ ఇటూ నడిపించేదట, నొప్పి రాగానే మంచం పట్టె పట్టుకుని వంగమనేదట. ఇలా రాస్తే మంత్రసాని రోజులే బాగున్నాయన్నట్టు వినిపించవచ్చు. అదేం కాదు, పురిటిలో పోయిన తల్లి పేరు ఒకటైనా లేని పాత కుటుంబం ఏదీ? 2018-20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. దేశం సగటు 97. పాత రోజులతో పోలిస్తే ఇన్ని ప్రాణాలు దక్కడానికి కాన్పు ఆసుపత్రికి చేరడం ఒక పెద్ద కారణం. పేచీ ఆసుపత్రితో కాదు, అందులోని మంచంతో.

మా పిల్లకు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. నెమ్మదిగానే వస్తున్నాయి, కాసేపు ఇంట్లోనే ఉండమని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. హాల్లో చాప మీద మోకాళ్ళు ఆనించి, బంతి మీద చెంప పెట్టి పిల్ల ఊగుతోంది. వెనక పీట వేసుకుని మా అమ్మ. బంతి ఎందుకన్న మనిషే నొప్పి వచ్చినప్పుడల్లా అరచెయ్యి నడుం కింద ఆనించి గట్టిగా నొక్కుతోంది, తగ్గగానే తీసేస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఫ్యాను చప్పుడు, బంతి చాపకు రాసుకునే కీచు శబ్దం తప్ప ఏమీ లేదు. ఆ రెండు గంటలూ గడియారం చూసింది మేమే, ఆ ఇద్దరూ కాదు.

ఆసుపత్రికి వెళ్ళాక బంతి కారులోనే ఉండిపోయింది. "లోపల అలాంటివి కుదరవు, పడుకోమ్మా" అన్నారు. ఆ నర్సమ్మను ఏమనగలం? నలుగురు పురిటాళ్ళకు ఒక్కతె. మంచానికీ మంచానికీ మధ్య సెలైను స్టాండు పట్టేంత జాగాయే ఉంది. అమ్మను కూడా తలుపు దగ్గరే ఆపేశారు. రాత్రి పదిన్నరకు మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల. బంతి వల్లనా అంటే తెలియదు. పిల్ల మాత్రం ఆ రోజు గురించి ఎప్పుడు చెప్పినా పొద్దుటి రెండు గంటల గురించే చెబుతుంది.

ఆ లోపలికి తోడు వెళ్ళకూడదన్న నిబంధన నిజానికి పాతబడిపోయింది. సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. నచ్చిన తోడు ఉండనివ్వాలనీ, ఇబ్బందులు లేని తల్లులను తిరగనివ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. కాన్పు అంతసేపూ తల్లి పక్కనే ఉండే మనిషిని తయారుచేసే చదువది. తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లేనని 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన చోట ఆ చదువు అవసరం ఎంతో వేరే చెప్పాలా? అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆ అంకె 21.5.

బంతి ఖరీదు వెయ్యి రూపాయల లోపే. ఖరీదైనవి మిగతావి: ఊగడానికి జాగా, నడుము నొక్కే చెయ్యి, లేవొచ్చని చెప్పే ఒక్క మాట. ఆసుపత్రులు కట్టేవారికి, నడిపేవారికి ఒక మనవి. లేబర్ రూములో మంచానికీ గోడకూ మధ్య ఒక చాప పట్టేంత చోటు వదలండి. వచ్చిన పిల్ల వెంట వాళ్ళ అమ్మమ్మనో అమ్మనో లోపలికి రానివ్వండి.