ఈత పీరియడ్‌లో "సార్, టాయ్‌లెట్"

ఈత మొదలైన అరగంటకే చేయి ఎత్తే పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. "ఇందాకేగా వెళ్లొచ్చావ్" అంటారు కోచ్. "ఈత రోజు నీళ్లు తక్కువ తాగి వెళ్లు" అంటారు ఇంట్లో. నీళ్లంటే భయపడి సాకు వెతికేవాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు. మిగతావాళ్లది మాత్రం సాకు కాదని బయాలజీ టీచరుగా నా అభిప్రాయం.

మెడ లోతు నీళ్లలో దిగితే నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం కొంత ఛాతీ వైపు చేరుతుంది. గుండె పైగదులు, అంటే కర్ణికలు, సాగుతాయి. ఒంట్లో నీరు నిజంగా పెరగలేదు, కానీ గుండెకు పెరిగినట్టే ఉంటుంది. అప్పుడు కర్ణికలు ఏఎన్‌పీ అనే హార్మోన్‌ను వదులుతాయి. ఉప్పునూ నీటినీ బయటికి పంపమని అది కిడ్నీలకు చెబుతుంది. నీటిని ఒంట్లో ఆపి ఉంచే ఏడీహెచ్, ఉప్పును ఆపి ఉంచే ఆల్డోస్టిరోన్ అదే సమయంలో తగ్గుతాయి. నీళ్లు చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఈ ప్రభావం మరింత పెరుగుతుంది. గుండె నుంచి ఇలాంటి పదార్థం వస్తుందని 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుకల్లో చూపించింది. గుండెను ఒట్టి పంపుగా చూసే అలవాటు మనకింకా పోలేదు!

కాబట్టి నీళ్లు మానిపించడం తలకిందుల సలహా. నీళ్లలో ఉన్నప్పుడు దాహం సరిగా తెలియదు, చెమట పట్టినా కనిపించదు. మూత్రంగా పోయింది పోగా, పిల్లలు వాడిపోయి తర్వాతి పీరియడ్‌లో కూర్చుంటారు.

పంపకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. పూల్ దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ బాగా వేశారని సంతోషిస్తాం. నిజానికి ఆ వాసన ఎక్కువగా క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి పుట్టే క్లోరమైన్లది. కళ్లు మండేదీ చాలావరకు వాటివల్లే.

ఈత లేని రోజుల్లోనూ బిడ్డ మాటిమాటికీ వెళ్తూ, విపరీతంగా దాహమంటూ, బరువు తగ్గుతుంటే అది వేరే సంగతి. వెంటనే డాక్టరుకు చూపించి షుగర్ పరీక్ష చేయించండి.

ఈత పీరియడ్ మధ్యలో అందరికీ కలిపి ఒక బ్రేక్ ఇవ్వాలి, గట్టు మీద వాటర్ బాటిల్ ఉండాలి. ఐదు నిమిషాలు చాలవు. తడి కాస్ట్యూమ్ విప్పి మళ్లీ వేసుకోవడానికి ఆడపిల్లలకే ఎక్కువ సమయం పడుతుంది, అడగడానికి ఎక్కువ మొహమాటపడేదీ వాళ్లే. వచ్చే పీటీఎంలో ఈ సంగతి మీరే ఎత్తండి.