కాగితంలో ఒకటి, కౌంటర్ దగ్గర ఒకటి

"అమ్మా, బ్యాంకులో ఇంటర్న్‌షిప్ వచ్చింది!" అని పోయిన వేసవిలో మా అమ్మాయి గంతులేస్తుంటే, ఏ తల్లయినా పొంగిపోయినట్టే నేనూ పొంగిపోయాను. ఎం.బి.ఏ. మొదటి సంవత్సరం అయ్యాక సెలవుల్లో రెండు నెలలు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోవాలి కదా. ఉత్తరం కూడా ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! మార్కెట్ పరిశోధన, ఖాతాదారులతో సంబంధాలు, పనితీరును బట్టి స్టైపెండ్. చల్లని గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటుందని ఊహించుకుని ఇరుగుపొరుగుకు స్వీట్లు పంచాను.

మొదటిరోజు సాయంత్రం పిల్ల కందిపోయిన ముఖంతో వచ్చింది. రైతు బజారు ముందు గొడుగు కింద నిలబడి, వచ్చేపోయేవాళ్లను ఖాతా తెరవమని అడగడమేనట పని. అదండీ మార్కెట్ పరిశోధన! ఖాతాదారులతో సంబంధాలంటే పింఛను తాతగార్లకు ఫారాలు నింపడం, ఆధార్ జెరాక్సులు తెచ్చిపెట్టడం. పనితీరు అంటే ఎన్ని ఖాతాలు తెచ్చావని. వచ్చిన డబ్బు ఆటోలకే చాలలేదు.

ఇంతవరకే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. ఎండలో నిలబడితే పిల్లలేం కరిగిపోరు. తాతగార్ల దగ్గర ఓర్పూ నేర్చుకుంది. కాని మూడోవారంలో టార్గెట్ తగ్గిందని, "మీ చుట్టాల పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వు" అన్నారట. దాన్ని 'లీడ్' అంటారు. పిల్ల మా పిన్ని పేరు ఇచ్చింది.

బాబాయి పోయాక చేతికొచ్చిన మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామనుకుంది పిన్ని. మనమ్మాయి ఉన్న బ్యాంకే కదా అని చూపినచోటల్లా సంతకం పెట్టింది. తర్వాత ఇంటికొచ్చిన కవరు నేను విప్పి చూద్దును కదా, డిపాజిట్ రసీదు కాదు, బీమా పాలసీ! ఏటా మూడు లక్షల చొప్పున అయిదేళ్లు కట్టాలి. పిన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

"నేను నంబరు ఇచ్చానంతే అమ్మా" అని పిల్ల ఒకటే ఏడుపు. తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఉత్తరం చూసి మురిసిపోయానే గాని, నేను మాత్రం ఒక్క ప్రశ్న అడిగానా?

అదృష్టం బాగుండి గడువు మిగిలి ఉంది. జీవిత బీమా పాలసీ చేతికందిన 30 రోజుల్లోగా వద్దని రాసిస్తే, స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, ఆ కొద్దిరోజుల బీమాకు అయిన మొత్తం పట్టుకుని మిగతాది తిరిగివ్వాలి. మర్నాడే ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకొచ్చాం. డబ్బు వచ్చింది. పిన్ని మళ్లీ మా గడప తొక్కడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అందుకే, మీ పిల్లలకు ఇలాంటి ఉత్తరం వస్తే స్వీట్లు పంచేముందు ఈ సంగతులు అడిగించండి. రోజూ ఎక్కడ, ఏం పని? టార్గెట్ ఉందా? అది కుదరకపోతే సర్టిఫికెట్ ఆపేస్తారా? స్టైపెండ్ నెలకు ఇంతని రాసిస్తారా? పోయిన ఏడాది అక్కడ చేసిన పిల్లలెవరు? వాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే ఉత్తరంలో లేనిదంతా తెలిసిపోతుంది. పని ఇవ్వడానికి ఎదురు డబ్బు కట్టమంటే మాత్రం ఆ గుమ్మం ఎక్కనివ్వకండి.

ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లూ లేకపోలేదు. 2023లో స్టేట్ బ్యాంకు అప్రెంటిస్ ప్రకటనలో ఏడాది శిక్షణ, నెలకు 15,000 రూపాయలు, తర్వాత ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు అని ముందే రాశారు. అలా చెబితే చేరాలో వద్దో మనమే తేల్చుకుంటాం.

ఇంకొక్క మాట. చుట్టాల నంబర్లు అడిగినరోజున "ఇవ్వనండీ" అనే ధైర్యం పిల్లలకు మన ఇంట్లోనే రావాలి. సర్టిఫికెట్ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పిన్ని నమ్మకం ఏ బ్యాంకులో దొరుకుతుంది చెప్పండి?