కూత ఆపకుండా గీత దాటి రావాలి

మా అమ్మాయి ఈ ఏడాది డిగ్రీలో చేరింది. రోజూ సబ్బవరం జంక్షన్లో బస్సెక్కి పెందుర్తి, ఎన్.ఏ.డి. మీదుగా వైజాగ్ వెళ్లి రావాలి. మా వారిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. సాయంత్రం ఎదురెళ్లి తీసుకురావడం అన్ని రోజులూ కుదరదు. చలికాలంలో ఆరింటికే చీకటి పడిపోతుంది. జంక్షన్ నుంచి మా వీధికి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ నేను గుమ్మంలోనే ఉంటాను.

అందుకే అది "అమ్మా, వైజాగ్‌లో జియు-జిట్సు నేర్పుతున్నారట, చేరతాను" అన్నప్పుడు వెంటనే కాదనలేకపోయాను. మా అత్తగారు మాత్రం "ఆడపిల్లకి కుస్తీలేటమ్మా? చెయ్యో కాలో ఇరిగితే?" అన్నారు. మా వారు "బడిలో కరాటే నేర్చుకుంది కదా, మళ్లీ ఇదెందుకు?" అన్నారు. నేర్చుకున్న మాట నిజమే. కొన్నాళ్లు గాలిలో గుద్దులు, గాలిలో తన్నులు, చివర్లో ఒక ఫొటో. ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఏం చెయ్యాలో మాత్రం దానికి తెలియదు.

నాకూ తెలియలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఒక సాయంత్రం బస్సు దిగి వస్తుంటే సందు మలుపులో ఒకడు నా మణికట్టు పట్టుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు, అంతే. అరుద్దామంటే గొంతు రాలేదు. ఎవరిదో సైకిల్ బెల్లు వినబడి వాడే వదిలేశాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని భయం. ఆ రోజు నుంచి వేరే దారిలో నడిచాను.

ఆడవాళ్ల మీద చెయ్యి పడేది చాలాసార్లు ఇలాగే. ముందు గుద్దు రాదు, పట్టు వస్తుంది. మణికట్టో, జడో, చున్నీయో పట్టుకుంటారు, లేదా వెనకనుంచి వాటేసుకుంటారు. కాబట్టి గుద్దడం కంటే ముందు పట్టు విడిపించుకోవడం రావాలని నా అభిప్రాయం. దూరం నుంచి కొట్టడం నేర్పే విద్యలకంటే పట్లతో పని ఉన్న విద్యలు ఇక్కడ ఎక్కువ ఉపయోగం. అయితే వాటిలో ఏది? నెల రోజులు చదివాను, వీడియోలు చూశాను, అమ్మాయితో వెళ్లి ఒక క్లాసులో మూల కుర్చీలో కూర్చుని చూశాను.

మొదట మన కుస్తీ. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తి గారి ప్రాంతం మనది. కుస్తీలో గొప్ప విషయం కాళ్ల నిలకడ. ఎదుటివాడు కాళ్లు పట్టి లాగినా పడకుండా నిలబడడం, పడితే వెంటనే లేవడం నేర్పుతారు. ఆడపిల్లలకేమిటనే వాళ్లకు ఒక్క మాట: ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల కుస్తీ 2004 నుంచీ ఉంది. 2016లో సాక్షి మాలిక్ మనకు కాంస్యం తెచ్చింది. ఇబ్బందల్లా, మన చుట్టుపక్కల ఆడపిల్లలకు కుస్తీ నేర్పే చోటు దొరకడం కష్టం.

రెండోది జూడో. 1882లో టోక్యోలో జిగోరో కానో మొదలుపెట్టాడు. ఆయన చిన్నప్పుడు బక్కగా ఉండేవాడట, తోటివాళ్లు ఏడిపించేవారట. అందుకే ఎదుటివాడి బలాన్నే వాడి మీదికి తిప్పే విద్య వెతుక్కున్నాడు. ఇందులో నాకు నచ్చినవి రెండు. ఒకటి, అందరికంటే ముందు పడడం నేర్పుతారు. గడ్డం గుండెకు ఆనించి, తల నేలకు తగలకుండా, చేతిని చాపకు కొడుతూ పడాలి. ఇది మా అత్తగారి వయసు వాళ్లకు బాత్రూంలో కూడా పనికొస్తుంది. రెండు, బట్ట పట్టుకుని చేసే విద్య ఇది. మనల్ని వీధిలో పట్టుకునేదీ బట్టతోనే కదా.

మూడోది మా అమ్మాయి అడిగిన బ్రెజిలియన్ జియు-జిట్సు. మయేదా అనే జపాన్ జూడో వీరుడు 1914లో బ్రెజిల్ వెళ్లాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్రేసీ కుటుంబం పెంచిన విద్య ఇది. 1993లో అమెరికాలో అన్ని విద్యల వాళ్లకీ పోటీ పెడితే, పెద్ద కండలు లేని రాయిస్ గ్రేసీ గెలిచాడు. కింద పడిపోయి, మీద ఒకడు ఉన్నప్పుడు కాళ్లతో వాణ్ణి ఆపి, నడుము తిప్పి బయటపడడం ఇందులో నేర్పినంతగా ఇంకెక్కడా నేర్పరు. ఆడపిల్లకు అంతకంటే భయంకరమైన పరిస్థితి ఏముంటుంది? అందుకే దీన్ని తీసిపారేయలేను. కానీ క్లాసులో కింద మెత్తటి చాప, ఎదురుగా ఒక్కడే మనిషి. వీధిలో కంకర, పక్కన వాడి స్నేహితుడు. అక్కడ నేల మీద ఉండి గెలుద్దామనుకోకూడదు, లేచి పరిగెత్తాలి.

ఇవన్నీ చూశాక నాకు గుర్తొచ్చింది మన చెడుగుడు. ఆలోచించండి, కూతకు వెళ్లినవాడు ఎవర్నీ పడగొట్టక్కర్లేదు. నలుగురు కాళ్లు పట్టుకున్నా, కూత ఆగకుండా ఒక్క వేలు మధ్య గీతకు తగిలించినా వాడిదే గెలుపు. ఆడపిల్లకు కావలసిన విద్య అచ్చంగా ఇదే. నోరు ఆగకూడదు, గీత దాటి రావాలి. ఆ రోజు సందులో నా దగ్గర లేనివి ఈ రెండే.

కాబట్టి ఏ విద్య గొప్ప అనే వాదన నేను వదిలేశాను. నేను అడిగేది వేరు. ఎదుటి మనిషి నిజంగా ప్రతిఘటిస్తుండగా సాధన చేయిస్తున్నారా? జూడో, కుస్తీ, జియు-జిట్సు మూడింటిలోనూ రోజూ అదే పని, అందుకే అవి పనికొస్తాయి. చెప్పినట్టు పడిపోయే జతగాడితో వంద పట్లు నేర్చుకున్నా, వదలని చేతి ముందు ఒక్కటీ గుర్తురాదు. దగ్గరలో జూడో ఉంటే నా ఓటు దానికే, తర్వాత జియు-జిట్సు. మాకు దొరికింది జియు-జిట్సు కాబట్టి అదే చేర్పించాం. నేర్పే ఆయనతో "ముందు లేవడం నేర్పండి" అని మాత్రం చెప్పాను.

భ్రమలు కూడా వద్దు. ఈ పోటీలన్నిటిలో బరువు తరగతులు ఉన్నాయంటే బరువు లెక్కలోకి వస్తుందనే అర్థం. యాభై కిలోల పిల్ల ఎనభై కిలోల మగాణ్ణి ఆరు నెలల్లో చిత్తు చేయలేదు. విడిపించుకుని పది అడుగులు దూరం పోగలదు, చాలు. చేతిలో కత్తి ఉంటే పర్సూ గొలుసూ ఇచ్చేయమనే చెప్పాను. 112 నంబరు ఫోన్లో ముందే పెట్టించాను. చట్టం కూడా మన పక్షానే ఉంది. భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ నుంచి ఆత్మరక్షణ హక్కు గురించే. అయితే అవసరానికి మించి కొట్టకూడదంటుంది. విడిపించుకుని పరిగెత్తే పిల్లకు ఆ గీత దాటే పనే లేదు.

మొన్న పెరట్లో మా అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుని "విడిపించుకో" అంది. వెనక్కి లాగితే రాలేదు. "బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోటే పట్టు బలహీనం. అటు తిప్పి, మోచెయ్యి ముందుకు తోసి, ఒళ్లంతా కదిపి లాగమ్మా" అంది. మూడోసారికి వచ్చింది. వాకిట్లో కూర్చున్న మా అత్తగారు చూసి చూసి, "చెయ్యొచ్చింది సరే, కూతేదమ్మా?" అన్నారు. చిన్నప్పుడు ఆవిడ చెడుగుడు ఆడేవారని ఇన్నేళ్లలో ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రి అమ్మాయికి నా సందు కథ చెప్పాను. "నీకు ఏం జరిగినా చదువు ఆగదు, నాకు చెప్పు" అని కూడా చెప్పాను. అది కాసేపు మాట్లాడకుండా నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. మీ ఇంట్లో ఆడపిల్లలుంటే ఏ క్లాసులో చేర్పించినా సరే, ముందు ఆ మాట చెప్పండి.