ఓటరు విచక్షణ

1951-52 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థి కొక్కొక్క పెట్టె వంతున అమర్చి, దానిపై గుర్తు నంటించి, అక్షరజ్ఞానము లేనివారు సైతము తమ అభిమతమును స్వయముగ తెలుపుకొనునట్లు ఎన్నికల సంఘము ఏర్పాటు గావించెను. గుర్తును పోల్చుకొనుట నాడే సులభమైనది. దాని వెనుకనున్న మనుష్యుని ఎరుగుటయే నేటికిని కష్టసాధ్యముగ నున్నది.

మన పల్లెలలో కులపెద్దల మాట, బంధువుల మొగమాటము, పింఛను ఆగునేమో యను భయము, పోలింగు ముందటి రాత్రి ఇల్లిల్లు తిరుగు నోట్ల కవరు, ఇవన్నియు కలసి ఓటరు మనస్సును తలకొక దిక్కునకు లాగుచుండును. ఊరి బాటను, సాగునీటిని తలంచి ఓటు వేయువానిని స్వార్థపరుడనుట అన్యాయము. అది ప్రజాస్వామ్యమున ధర్మబద్ధమైన లెక్కయే. కవరు పుచ్చుకొని బాకీ తీర్చినట్లు ఓటు వేయుట మాత్రము మనలను మనమే కించపరచుకొనుట.

2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు మొదలు ప్రతి అభ్యర్థియు తనపై గల క్రిమినలు కేసులను, ఆస్తులను, అప్పులను, విద్యార్హతలను ప్రమాణపత్రమున వెల్లడింపవలసి యున్నది. దానిని రచ్చబండ యొద్ద నలుగురు వినునట్లు చదివింపుడు. గతమున గెలిచినవాడు శాసనసభలో మన చెరువును గూర్చి ఏమి అడిగెనో విచారింపుడు. ఈ సంచికలోని వ్యాసములు ఆ విచారణకు తోడ్పడవలెనని మా ఆకాంక్ష.

— సంపాదకుడు